నోట్స్ పోకుండా నోట్స్ యాప్ స్టోరేజ్ తగ్గించడం ఎలా?

“అన్నా, ఫోన్ నిండిపోయింది. చూస్తే నోట్స్ యాప్ ఒక్కటే ఏడెనిమిది జీబీ తింటోంది. క్లియర్ డేటా కొడితే నా నోట్సు పోతుందా?”

బెంగళూరులో మన పిల్లలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. బీటీఎం లేఅవుట్, మడివాళ పీజీల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు అడుగుతారు. మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునేవాళ్లు అడుగుతారు. ఆఫీసు మీటింగులన్నీ ఫోన్‌లో రాసుకునేవాళ్లూ అడుగుతారు. ఎక్కువమంది చేతిలో 64 జీబీ ఫోనో, 128 జీబీ ఫోనో ఉంటుంది. అప్‌డేట్లు ఎక్కవు, వాట్సాప్‌లో ఫొటోలు దిగవు, కెమెరా తెరిస్తే స్టోరేజ్ లేదంటుంది.

దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. ఆ బటన్ నొక్కితే కొందరికి ఏమీ పోదు, కొందరికి అన్నీ పోతాయి. తేడా అంతా మీ నోట్స్ అసలు కాపీ ఎక్కడుందన్న దాంట్లోనే ఉంది. అది సర్వర్‌లో, అంటే ఆ యాప్ కంపెనీ కంప్యూటర్లలో ఉంటే, ఫోన్‌లోది తుడిచేసినా మళ్లీ దిగుతుంది. ఫోన్‌లో మాత్రమే ఉంటే ఏళ్ల తరబడి రాసుకున్నది ఒక్క నొక్కుతో పోతుంది. అందుకే ముందు కాపీ సంగతి తేల్చుకోవాలి. తర్వాత బరువైనవి తీయాలి. క్లియర్ డేటా జోలికి అన్నిటికంటే చివర్లో పోవాలి. కింద చెప్పినవి ఈ వరసలోనే చేయండి. వరస మార్చినవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

అసలు బరువు దేనిది?

మీరు టైపు చేసిన అక్షరాలది కాదు. ఒక తెలుగు అక్షర సంకేతం సాధారణంగా 3 బైట్లు తీసుకుంటుంది. పేజీకి 1,500 సంకేతాలు వేసుకున్నా ఐదు కేబీ లోపే. ఫోన్‌తో తీసిన బోర్డు ఫొటో ఒక్కటే మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. అంటే 4 ఎంబీ ఫొటో ఒకటి పట్టే చోట ఎనిమిది వందల పేజీలకు పైగా తెలుగు రాత పడుతుంది. ఆడియో అయితే 128 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు దాదాపు 58 ఎంబీ. కాబట్టి రాసుకున్న నోట్స్ తీసేయాలన్న ఆలోచన ముందే పక్కన పెట్టండి. దానివల్ల మిగిలేది ఏమీ ఉండదు.

కావాల్సినవి

- ఛార్జర్, ఆగకుండా వచ్చే వైఫై. రోజుకు 1.5 జీబీ మొబైల్ డేటా ప్యాక్‌తో ఈ పని పెట్టుకోకండి, మధ్యలో ఆగిపోతుంది.
- నోట్స్ యాప్‌లో మీరు వాడుతున్న అకౌంట్ ఏదో, దాని పాస్‌వర్డ్.
- ఆ అకౌంట్‌కు ఇచ్చిన ఫోన్ నంబర్ ఇప్పటికీ పనిచేస్తూ ఉండాలి.
- ఒక ల్యాప్‌టాప్. లేకపోతే ఇంకో ఫోన్‌లో బ్రౌజర్ అయినా చాలు.
- బరువైన ఫైళ్లు పెట్టుకోవడానికి చోటు: గూగుల్ డ్రైవ్ గానీ, ఫోన్‌కు గుచ్చే ఓటీజీ పెన్‌డ్రైవ్ గానీ.

ఫోన్ నంబర్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఊళ్లో ఉన్నప్పుడు ఏ పాత సిమ్‌తోనో జీమెయిల్ తెరిచి ఉంటారు. బెంగళూరు వచ్చాక కొత్త నంబర్ తీసుకుని పాతదానికి రీఛార్జ్ మానేసి ఉంటారు. ఇప్పుడు లాగౌట్ అయితే ఓటీపీ ఆ పాత నంబర్‌కే పోతుంది. నోట్స్ సర్వర్‌లో భద్రంగానే ఉంటాయి, మీరు మాత్రం లోపలికి వెళ్లలేరు. లాగిన్‌లో ఉన్నప్పుడే అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, రికవరీ నంబర్ మార్చుకోండి.

1. ముందు అంకెలు చూసి పెట్టుకోండి

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి, యాప్స్‌లో మీ నోట్స్ యాప్ మీద నొక్కి, స్టోరేజ్‌లోకి వెళ్లండి. అక్కడ విడివిడిగా మూడు అంకెలు కనిపిస్తాయి: యాప్ సైజు, డేటా, క్యాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు). ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, ఐఫోన్ స్టోరేజ్ వరసలో వెళ్లి యాప్ మీద నొక్కితే యాప్ సైజు, డాక్యుమెంట్స్ అండ్ డేటా అని రెండే ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. చివర్లో పోల్చి చూసుకోవాలి.

క్యాష్ ఎక్కువగా ఉంటే మీ పని సులువు. నాలుగో మెట్టుతోనే చాలావరకు అయిపోతుంది. డేటా ఎక్కువగా ఉంటే కాస్త ఓపిక కావాలి.

2. అసలు కాపీ ఎక్కడుందో తేల్చుకోండి

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి.

యాప్‌లో మెయిల్ ఐడీ కనిపిస్తోంది కదా, అన్నీ సింక్ అయ్యే (సర్వర్‌కు చేరే) ఉంటాయిలే అనుకోవద్దు. కళ్లతో చూడండి. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. గూగుల్ కీప్, వన్‌నోట్, ఎవర్‌నోట్, యాపిల్ నోట్స్, ఈ నాలుగూ బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి (యాపిల్‌ది ఐక్లౌడ్ సైట్‌లో ఉంటుంది). జెరాక్స్ షాపు కంప్యూటర్‌లో లాగిన్ కాకపోవడమే మేలు. తప్పనిసరైతే ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి, పని కాగానే లాగౌట్ అవ్వండి.

బ్రౌజర్‌లో ఈ మూడూ చూడండి:

అన్నిటికంటే కొత్త నోట్. ఈరోజు ఫోన్‌లో ఒక చిన్న నోట్ రాసి, అది అక్కడికి వచ్చిందో లేదో చూడండి. రాకపోతే సింక్ ఆగిపోయిందన్నమాట, ముందు దాన్ని సరిచేయాలి.

అన్నిటికంటే పాత నోట్.

బాగా బరువున్న నోట్, అంటే ఆడియోనో పీడీఎఫ్‌నో ఉన్నది. పేరు కనిపిస్తే సరిపోదు, ఫైల్ తెరిచి చివరిదాకా జరిపి చూడండి. కొన్నిసార్లు రాత ముందు వెళ్లిపోయి అటాచ్‌మెంట్ మాత్రం ఫోన్‌లోనే ఉండిపోతుంది. పర్పుల్ లైన్ మెట్రోలో కబ్బన్ పార్క్ దాటి మెజెస్టిక్ వైపు భూగర్భంలో వెళ్తున్నప్పుడు పెద్ద పీడీఎఫ్ అటాచ్ చేశారనుకోండి. సిగ్నల్ పడిపోతే అప్‌లోడ్ సగంలో ఆగుతుంది. మళ్లీ యాప్ తెరిచి, నెట్ ఉన్నచోట కాసేపు ఉంచితే గానీ పూర్తికాదు.

ఇక యాప్‌ను బట్టి గమనించాల్సినవి.

ఐఫోన్ నోట్స్‌లో ఫోల్డర్ల పేజీకి వెళ్లండి. అక్కడ ‘ఆన్ మై ఐఫోన్’ అని ఒక విభాగం కనిపిస్తే, అందులోని నోట్స్ ఐక్లౌడ్‌కు వెళ్లడం లేదు. వాటిని ఐక్లౌడ్ ఫోల్డర్‌లోకి మార్చండి. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. అది నిండిపోయి ఉంటే కొత్త నోట్స్ వెళ్లవు.

ఫోన్‌తో పాటు వచ్చే కంపెనీ నోట్స్ యాప్‌లో క్లౌడ్ సింక్ ఆన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడండి. ఆన్ చేయకపోతే అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి.

అబ్సిడియన్ వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. అందులో నోట్స్ అంటే మీ ఫోన్‌లోని మామూలు ఫైళ్లే, సర్వర్ అంటూ ఉండదు, మీరు విడిగా సింక్ పెట్టుకుంటే తప్ప. ఆండ్రాయిడ్‌లో వాల్ట్‌ను, అంటే ఆ నోట్స్ ఉండే ఫోల్డర్‌ను, యాప్ స్టోరేజ్‌లో పెట్టుకుని ఉంటే, యాప్ తీసేసినప్పుడు వాల్ట్ కూడా పోతుంది.

3. ఇంకో కాపీ తీసుకోండి

సింక్ అవుతోంది కదా, మళ్లీ కాపీ ఎందుకు అంటారు. సింక్, బ్యాకప్ ఒకటి కావు. ఫోన్‌లో ఒక నోట్ డిలీట్ చేస్తే, సింక్ ఉన్నందుకే అది సర్వర్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ కూడా డిలీట్ అవుతుంది. “క్లౌడ్‌లో ఉంది కదా అని ఫోన్‌లో తీసేశాను” అని బాధపడినవాళ్లు చాలామంది. మీరు ఇప్పుడు చేయబోయేది డిలీట్ పనే కాబట్టి, సింక్‌తో సంబంధం లేని కాపీ ఒకటి ఉండాలి.

కీప్ అయితే ల్యాప్‌టాప్‌లో గూగుల్ టేక్‌అవుట్ (మీ గూగుల్ డేటా దింపుకునే సైట్) తెరిచి, జాబితాలో కీప్ ఒక్కదానికే టిక్ పెట్టి డౌన్‌లోడ్ చేసుకోండి. శాంసంగ్ నోట్స్‌లో ముఖ్యమైన నోట్స్‌ను ఫైల్‌గా సేవ్ చేయవచ్చు. పీడీఎఫ్‌గా తీస్తే ఎక్కడైనా చదువుకోవచ్చు గానీ చేతిరాతను మళ్లీ దిద్దలేరు. అందుకని శాంసంగ్ నోట్స్ ఫైల్‌గా కూడా ఒకటి ఉంచుకోండి. ఎవర్‌నోట్‌లో కంప్యూటర్ యాప్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేయండి. అబ్సిడియన్ వాళ్లు వాల్ట్ ఫోల్డర్‌ను మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే సరిపోతుంది.

గూగుల్ అకౌంట్‌కు ఉచితంగా వచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి. మీది నిండిపోయి ఉంటే, పాత క్లాసుల ఫైళ్ల కోసం ఇంకో జీమెయిల్ తెరుచుకోవచ్చు. కాకపోతే రెండేళ్లపాటు వాడని అకౌంట్లను గూగుల్ తొలగించవచ్చు. అప్పుడప్పుడూ అందులోకి లాగిన్ అవుతూ ఉండండి.

పెన్‌డ్రైవ్ కొనాలంటే ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో కావాల్సినన్ని దొరుకుతాయి. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. కాపీ చేసిన ఫైళ్లను పెన్‌డ్రైవ్ నుంచే తెరిచి చూడండి, ముఖ్యంగా చివర్లో కాపీ అయినవి. మీద రాసినంత సామర్థ్యం లోపల లేని నకిలీలలో మొదటి ఫైళ్లు బాగానే ఉండి చివరివి పాడైపోతాయి.

ఒక హెచ్చరిక: ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ను ఫోన్‌లోనే డౌన్‌లోడ్స్‌లో వదిలేయకండి. అప్పుడు స్టోరేజ్ తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. షేర్ నొక్కి నేరుగా డ్రైవ్‌కే పంపండి. మీకు మీరే వాట్సాప్‌లో పంపుకోవడం కూడా ఇలాంటిదే. ఆ ఫైల్ వాట్సాప్ ఫోల్డర్‌లో ఇంకో కాపీగా కూర్చుంటుంది. పైగా ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి, బోర్డు మీది చిన్న అక్షరాలు మసకబారతాయి.

4. క్యాష్ క్లియర్ చేయండి

ఆండ్రాయిడ్‌లో మొదటి మెట్టులో చూసిన పేజీలోనే ‘క్లియర్ క్యాష్’ ఉంటుంది. దాని పక్కనే ‘క్లియర్ స్టోరేజ్’ లేదా ‘క్లియర్ డేటా’ ఉంటుంది, దాన్ని ఇప్పుడు ముట్టుకోవద్దు. కొన్ని ఫోన్లలో అడుగున ‘క్లియర్ డేటా’ అని ఒకే బటన్ ఉంటుంది. నొక్కితే ‘క్లియర్ ఆల్ డేటా’, ‘క్లియర్ క్యాష్’ అని రెండు వస్తాయి. రెండోదే ఎంచుకోండి.

సింక్ పూర్తయిందని రెండో మెట్టులో చూసుకున్నాకే ఇది చేయండి. క్యాష్‌లో ఉండేవి మామూలుగా మళ్లీ దిగగలిగే ప్రివ్యూలు, తాత్కాలిక ఫైళ్లు. దీనివల్ల లాగౌట్ కారు.

ఐఫోన్‌లో ఈ బటన్ లేదు. అక్కడ ‘ఆఫ్‌లోడ్ యాప్’ అని కనిపిస్తుంది కానీ అది మనకు పనికొచ్చేది కాదు. అది యాప్‌ను మాత్రం తీసేసి డాక్యుమెంట్స్ అండ్ డేటాను అలాగే ఉంచుతుంది. మీ బరువంతా డేటాలోనే ఉంటే ఆఫ్‌లోడ్ చేసినా ఏమీ తగ్గదు. ఆండ్రాయిడ్‌లో యాప్‌ను ఆర్కైవ్ చేయడమూ ఇంతే.

5. బరువైన నోట్స్ ఏవో వెతికి పట్టుకోండి

కర్నూలు నుంచి వచ్చి బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఒక చెల్లి ఫోన్‌లో ఇది దగ్గరుండి చేయించాను. ఫోన్ నా చేతిలో పెడుతూనే “నేను రాసిందంతా తీసేయాల్నా అన్నా?” అంది. “వద్దమ్మా, నువ్వు రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా తీయం” అని చెప్పి, ఒక్కో నోట్ తెరిచాం.

క్వాంట్ (లెక్కల) క్లాసు నోట్‌లో ఒకే బోర్డును నాలుగేసి సార్లు తీసిన ఫొటోలున్నాయి. చేయి కదిలి మసకబారింది ఒకటి, ముందు బెంచీ అబ్బాయి తల అడ్డం వచ్చింది ఒకటి, సారు సగం తుడిచేశాక తీసింది ఇంకొకటి. పనికొచ్చేది నాలుగోది ఒక్కటే. కరెంట్ అఫైర్స్ నెలవారీ పీడీఎఫ్ ఒకటే మూడు వేర్వేరు నోట్స్‌లో అటాచ్ అయి ఉంది. బ్యాంకింగ్ అవేర్‌నెస్ క్లాసుల ఆడియోలు గంటల కొద్దీ ఉన్నాయి, వాటి కిందే ఆమె శుభ్రంగా రాసుకున్న సారాంశాలూ ఉన్నాయి. ఇక యాప్‌లోంచి కెమెరా తెరిచినప్పుడు పొరపాటున ఆన్ అయిన వీడియో ఒకటి. అందులో ఉన్నది గది నేల, ఫ్యాను చప్పుడు. బరువంతా ఇవే. రాత జోలికి పోలేదు.

మీరు కూడా ఈ వరసలోనే వెతకండి: వీడియోలు, ఆడియోలు, పీడీఎఫ్‌లు, ఆఖరున ఫొటోలు. ఐఫోన్ నోట్స్‌లో ఫోల్డర్ తెరిచి, పైన చుక్కల గుర్తు నొక్కి ‘వ్యూ అటాచ్‌మెంట్స్’ ఎంచుకుంటే అన్నీ ఒకచోట కనిపిస్తాయి. కీప్‌లో సెర్చ్ మీద నొక్కితే ఇమేజెస్ అని విడిగా చూపిస్తుంది. ఇలాంటి సదుపాయం లేని యాప్ అయితే, మీరు ఎక్కువ క్లాసులకు వెళ్లిన నెలల నోట్స్‌తో మొదలుపెట్టండి.

ఒక్కో రకానికి ఏం చేయాలంటే:

ఆడియో: సారాంశం రాసుకున్నవైతే ఫైల్‌ను డ్రైవ్‌కు పంపి, అక్కడ రెండు నిమిషాలు విని, ఆ తర్వాత నోట్‌లోంచి తీసేయండి. నోట్‌లో ఆ ఫైల్ డ్రైవ్ లింక్ అతికించండి. ఎప్పుడైనా కావాలంటే వెతుక్కునే పని ఉండదు.

పీడీఎఫ్: ఇదీ అంతే. డ్రైవ్‌లో ఒక్క కాపీ ఉంచి, ఎన్ని నోట్స్‌లో కావాలంటే అన్నింటిలో లింక్ పెట్టుకోండి. వన్‌నోట్‌లో పీడీఎఫ్‌ను ప్రింటవుట్‌గా పెట్టి ఉంటే ప్రతి పేజీ ఒక బొమ్మగా పడి ఉంటుంది. మీరు దాని మీద గీతలు గీయకపోయి ఉంటే తీసేసి లింక్ పెట్టండి. గీసి ఉంటే అలాగే ఉంచండి, ఆ గీతలు కూడా మీ చదువే.

ఫొటోలు: మసకబారినవి, రెండోసారి తీసినవి తీసేయండి. బాగున్నవాటిని డ్రైవ్ యాప్‌లోని స్కాన్‌తో నలుపు తెలుపు పీడీఎఫ్‌గా మార్చుకుంటే సైజు బాగా తగ్గుతుంది. అలా మార్చాక పేజీని పెద్దది చేసి చదవండి. లేత రంగు మార్కర్‌తో రాసినవి నలుపు తెలుపులో మాయమవుతాయి. అలాంటివాటిని రంగుల్లోనే ఉంచండి.

ఫొటోలు ఇంకో చోట కూడా ఉండవచ్చు. ఐఫోన్ నోట్స్ సెట్టింగ్స్‌లో ‘సేవ్ టు ఫొటోస్’ ఆన్‌లో ఉంటే నోట్‌లో తీసిన ప్రతి ఫొటో గ్యాలరీలోనూ పడుతుంది. దాన్ని ఆఫ్ చేయండి. ఆండ్రాయిడ్‌లో చాలామంది ముందు కెమెరాతో తీసి తర్వాత నోట్‌లోకి తెస్తారు, అప్పుడు గ్యాలరీలో ఒకటి, నోట్‌లో ఒకటి. గ్యాలరీలోది తీసేసే ముందు నోట్‌లోది తెరుచుకుంటోందో లేదో చూడండి.

6. ట్రాష్ ఖాళీ చేయండి, కానీ వెంటనే కాదు

డిలీట్ చేసిన నోట్స్ నేరుగా పోవు, యాప్‌లోని ట్రాష్‌లో కొన్నాళ్లు ఉంటాయి. నోట్ లోపలి నుంచి తీసిన ఫొటో, ఆడియో లాంటివి మాత్రం చాలా యాప్‌లలో ట్రాష్‌కు రావు, వాటికి మూడో మెట్టులో తీసిన కాపీయే ఆధారం. కీప్‌లో 7 రోజులు, యాపిల్ నోట్స్‌లో 30 రోజుల దాకా, వన్‌నోట్ నోట్‌బుక్ రీసైకిల్ బిన్‌లో 60 రోజులు. అందుకే ఇంత తీసినా అంకె తగ్గకపోవచ్చు.

నా సలహా ఏంటంటే, రెండు మూడు రోజులు ఆగండి. ఆ రోజుల్లో మామూలుగా చదువుకోండి. కావాల్సిన నోట్ ఏదైనా తీసేశానే అనిపిస్తే ట్రాష్‌లోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఏమీ అనిపించకపోతే ఖాళీ చేయండి. ఫోన్ పూర్తిగా మొరాయిస్తుంటే, ట్రాష్‌లో వీడియోలు, ఆడియోలు ఉన్న నోట్స్ మాత్రం ముందు తీసేయండి.

గ్యాలరీకి, ఫైల్స్ యాప్‌కి వేరే ట్రాష్‌లుంటాయి. అవీ చూడండి. అబ్సిడియన్ వాళ్లు వాల్ట్‌లో చుక్కతో మొదలయ్యే ట్రాష్ ఫోల్డర్ ఉందేమో చూసుకోవాలి. అది దాచిన ఫోల్డర్, మామూలుగా కనిపించదు.

7. అన్నీ ఫోన్‌లో ఉండాల్సిన పని లేదు

చదువుతున్న సబ్జెక్టు నోట్స్ ఆఫ్‌లైన్‌లో ఉంటే చాలు. వన్‌నోట్‌లో అయిపోయిన కోర్సు నోట్‌బుక్‌ను ‘క్లోజ్’ చేయండి. ఫోన్‌లోని కాపీ పోతుంది, వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) లోది ఉంటుంది, కావాలన్నప్పుడు మళ్లీ తెరుచుకోవచ్చు. క్లోజ్ చేసే ముందు ఆ నోట్‌బుక్ పక్కన సింక్ లోపం గుర్తు లేదని చూసుకోండి. క్లోజ్ వేరు, డిలీట్ వేరు, నొక్కే ముందు ఒకసారి చదవండి.

నోట్‌బుక్‌లను ఆఫ్‌లైన్‌లో ఉంచే సదుపాయం మీ యాప్‌లో ఉంటే, సెట్టింగ్స్‌లో పాతవాటికి దాన్ని ఆఫ్ చేయండి.

8. చిట్టచివరగా క్లియర్ డేటా

ఏడు మెట్లూ అయ్యాక కూడా డేటా అంకె పెద్దగా తగ్గకపోతేనే ఇది. యాప్ లోపల పాత డేటాబేస్ ఉబ్బిపోయినప్పుడు ఇలా జరుగుతుంది.

నొక్కే ముందు ఈ నాలుగింటికీ అవునని చెప్పగలగాలి. పాత, కొత్త, బరువైన నోట్స్ బ్రౌజర్‌లో తెరిచి చూశారా? వేరే కాపీ తీసి, అదీ తెరిచి చూశారా? పాస్‌వర్డ్ గుర్తుందా? ఓటీపీ వచ్చే సిమ్ చేతిలో ఉందా? ఒక్కదానికి కాదన్నా ఆగిపోండి.

ఆండ్రాయిడ్‌లో క్లియర్ స్టోరేజ్ నొక్కండి. ఐఫోన్‌లో వేరే కంపెనీ యాప్ అయితే డిలీట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత లాగిన్ అయ్యి, వైఫైలో ఉంచి, యాప్ తెరిచే ఉంచండి. పీజీ వైఫై రాత్రి తొమ్మిది నుంచి అందరూ వీడియోలు చూసే టైమ్‌లో నత్తనడక నడుస్తుంది. పొద్దున్నే పెట్టుకుంటే హాయిగా అయిపోతుంది.

సర్వర్ లేని యాప్‌లకు, అంటే సింక్ పెట్టుకోని అబ్సిడియన్‌కు, సింక్ ఆఫ్‌లో ఉన్న కంపెనీ నోట్స్‌కు, ఈ మెట్టు అసలు వద్దు.

9. ఫలితం ఎలా చూడాలి?

ఫోన్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, మొదటి మెట్టులోని పేజీ మళ్లీ తెరవండి. పాత స్క్రీన్‌షాట్ పక్కన పెట్టుకుని పోల్చండి. ఏ అంకె తగ్గిందో చూస్తే ఎక్కడ పని జరిగిందో తెలుస్తుంది.

తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి, వైఫై కూడా ఆగిందని చూసి, యాప్ తెరవండి. పూర్తిగా తెరుచుకునేవి ఫోన్‌లో ఉన్నాయి. తిరుగుతూ ఆగిపోయేవి సర్వర్‌లో ఉన్నాయి. రేపు పరీక్ష హాలు బయట చదువుకోవాల్సిన నోట్ ఈ రెండో రకంలో ఉంటే, నెట్ ఉండగానే తెరిచి పెట్టుకోండి.

రెండు రోజుల తర్వాత ఇంకోసారి అంకె చూడండి. మళ్లీ పాత స్థాయికి పెరిగిందంటే ఆఫ్‌లైన్ సెట్టింగ్ ఆన్‌లోనే ఉండిపోయి అన్నీ తిరిగి దిగాయన్నమాట. ఏడో మెట్టుకు వెళ్లండి.

ఎక్కువగా జరుగుతున్న పొరపాట్లు

క్లీనర్ యాప్‌లు వేసుకోవడం. అవి చేసే పని సెట్టింగ్స్‌లోనే చేసుకోవచ్చు. పైగా మీ ఫైళ్లన్నిటికీ అనుమతి అడుగుతాయి, ప్రకటనలు చూపిస్తాయి. వద్దు.

ఫైల్ మేనేజర్‌లోకి వెళ్లి, పేరు అర్థం కాని ఫోల్డర్‌ను తీసేయడం. అది యాప్ అటాచ్‌మెంట్లు దాచుకునే చోటు కావచ్చు. ఎప్పుడూ యాప్ లోపలి నుంచే తీయండి.

రెండు అకౌంట్లు కలిపేసుకోవడం. ఆఫీసు మెయిల్‌తో కొన్ని, సొంత మెయిల్‌తో కొన్ని రాసి ఉంటారు. ఒకదాంట్లో చూసి అన్నీ ఉన్నాయనుకుంటారు. ఉద్యోగం మారితే ఆఫీసు అకౌంట్ ఆగిపోతుంది, దాంతో ఆ నోట్స్ కూడా పోతాయి. బెంగళూరులో కంపెనీలు మారడం మామూలే కాబట్టి, మీ సొంత చదువుకు సంబంధించినవి ఆఫీసు అకౌంట్‌లో పెట్టకండి.

ఫోన్ నిండుతూ ఉంటే ఆడియో రికార్డింగ్ అలాగే కొనసాగించడం. చోటు అయిపోతే రికార్డింగ్ మధ్యలో ఆగిపోవచ్చు. క్లాసుకు వెళ్లే ముందు కనీసం ఒక జీబీ ఖాళీ ఉందో లేదో చూసుకోండి. మాటలు వినడానికి 64 కేబీపీఎస్ చాలు, గంటకు 29 ఎంబీ లోపే అవుతుంది. రికార్డర్ సెట్టింగ్స్‌లో క్వాలిటీ తగ్గించుకోండి.

ఇప్పటికే నోట్స్ పోయి ఉంటే

ముందుగా ఇంకే బటనూ నొక్కకండి. బ్రౌజర్‌లో లాగిన్ అయ్యి ట్రాష్ చూడండి, గడువు లోపల ఉంటే అక్కడే దొరుకుతాయి.

అదే అకౌంట్‌తో పాత ఫోనో, ట్యాబ్‌లెట్టో, ఇంట్లో ల్యాప్‌టాపో ఉందేమో గుర్తు తెచ్చుకోండి. అది ఈమధ్య నెట్‌కు కలవకపోయి ఉంటే మీ నోట్స్ అందులో ఇంకా ఉండవచ్చు. మామూలుగా ఆన్ చేస్తే మాత్రం అది వైఫైకి కలిసి, డిలీట్ అయిన సంగతి తెలుసుకుని, అక్కడ కూడా తుడిచేస్తుంది. అందుకని ముందు గదిలోని వైఫై రౌటర్ ఆపి, ఆ ఫోన్‌లో సిమ్ తీసేసి, అప్పుడు ఆన్ చేయండి. వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. పాత ఫోన్ ఊళ్లో అమ్మ దగ్గరో నాన్న దగ్గరో ఉంటే, ఫోన్ చేసి ఈ వరస వాళ్లకు నిదానంగా చెప్పండి. ఆన్ అయ్యాక నోట్స్ కనిపిస్తే, ఒక్కొక్కటీ తెరిచి ఇంకో ఫోన్‌తో ఫొటోలు తీయించండి. ఎక్స్‌పోర్ట్ కుదిరితే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. అన్నీ చేతికి వచ్చాయని తేలేదాకా ఆ ఫోన్‌ను నెట్‌కు కలపకండి.